మబ్బు చుట్టుకొలత

ఆ మంగళవారం పొద్దున్న కొలతలమ్మ చెయ్యాలనుకున్న పనుల్లో గుర్రం లేదు. ఎనిమిదింటికల్లా వంట ముగించాలి. తొమ్మిదింటికి పెరటి షెడ్డులో కూర్చుని మునిసిపల్ ఆఫీసువాళ్ళ పన్నెండు జతల యూనిఫారాలకి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాలి. కొలతలు కొత్తగా తియ్యక్కర్లేదు, పోయిన ఏడాదివి పుస్తకంలో ఉన్నాయి. ఆఫీసులో కూర్చుని పనిచేసేవాళ్ళు ఒక్క ఏడాదిలో పెరగరు, తరగరు అని ఆవిడ నమ్మకం. ఆవిడకి భయం కలవని నమ్మకం అదొక్కటే.

మిగతావన్నీ భయాలే. స్టవ్ కట్టేశానో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. సిటీబస్సు నడిపే కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే బస్సు లోయలో పడిపోయిందనే ఖాయం చేసుకునేది. ఈ ఊళ్ళో లోయ లేదమ్మా అని కూతురు ఎన్నిసార్లు చెప్పినా, లేనిది రాకూడదని ఎక్కడుంది అనేది. గడియారాలు బాగుచేసే మొగుడు తుమ్మితే ఇంకో తుమ్ము వచ్చేదాకా ఊపిరి బిగబట్టి నిలబడేది. ఆవిడకి ధైర్యం ఇచ్చేది మెడలో వేలాడే టేపు ఒక్కటే. కుట్టుపని నేర్పిన పిన్ని ఇచ్చిన పసుపుపచ్చ గుడ్డ టేపు అది. అంకెలు సగం అరిగిపోయి, రిబ్బనులా మెత్తబడిపోయింది. మనుషులు అబద్ధం చెప్పినా టేపు చెప్పదని ఆవిడ ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉంది. వీధివాళ్ళు ఆవిడకి కొలతలమ్మ అని పేరు పెట్టిందీ అందుకే.

పెరటి గేటు కిర్రుమంది. పొగమంచులోంచి ముందు కూతురి ఖాకీ చొక్కా కనపడింది, తరవాత తాడు, ఆ తాడు చివర ఏదో బూడిదరంగుది. అది నడిచి వస్తున్నట్టు లేదు, మంచే కాస్త చిక్కబడి కాళ్ళు తెచ్చుకున్నట్టుంది.

"అమ్మా, అరవకు. అరిస్తే బెదురుతుంది."

"ఎవరే బెదిరేది? నేనా, అదా?"

"ఇద్దరూను."

కొలతలమ్మ అరవలేదు. ఆ గుర్రానికి ఎముకలు లోపల ఉండాల్సింది పోయి పైన ఉన్నట్టున్నాయి. పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకోవచ్చు. గిట్టలు పెరిగిపోయి చెప్పుల్లా వంకర తిరిగాయి. జూలు చిక్కుపడి అట్టకట్టింది. అన్నిటికంటే ఆ కళ్ళు! ఎవరూ లేని ఇంటి కిటికీల్లా తెరిచే ఉన్నాయి గానీ, లోపల ఎవరూ నిలబడి చూస్తున్నట్టు లేదు.

మూసేసిన ఎగ్జిబిషన్ మైదానం వెనకాల కట్టేసి ఉందట. పిల్లల్ని బండిలో తిప్పేదట ఒకప్పుడు. యజమాని గేటుకి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు, గుర్రాన్ని లోపల మరిచిపోయాడు. రోజూ బస్సు కిటికీలోంచి చూసి చూసి, ఆ పొద్దున్న కూతురు మునిసిపల్ పశువుల ఇన్‌స్పెక్టరు ఇంటికి వెళ్ళి ఆయన్ని నిద్రకళ్ళతోనే లాక్కొచ్చింది. ఆయన తాళం తీయించి, గుర్రం మెడ తట్టి, ఒక కాయితం రాసిచ్చాడు.

"పదిహేను రోజులు మన దగ్గర ఉంచుకోవచ్చమ్మా. అప్పటికి ఛాతీ చుట్టుకొలత ఒక్క అంగుళం పెరిగితే మనకే రాసిచ్చేస్తారు."

"పెరక్కపోతే?"

"బందెలదొడ్డికి తోలుకుపోతారు. అక్కడ మేత వేసేవాడు సెలవులో ఉన్నాడట."

"ఎన్నాళ్ళు సెలవు?"

"అది వాళ్ళకే తెలీదట. పేరు మబ్బు అని పెట్టానమ్మా. బావుందా?"

"పేరు పెట్టకే తల్లీ! పేరు పెడితే పోయినప్పుడు ఆ పేరు పెట్టి ఏడవాలి."

కూతురు తాడు తల్లి చేతిలో పెట్టి, డ్యూటీకి వేళయిందని పరుగెత్తింది. కొలతలమ్మ తాడు పట్టుకుని మంచులో నిలబడిపోయింది. అటు చివర గుర్రం కూడా అలాగే నిలబడింది. ఇద్దరిలో ఎవరు ఎవర్ని కట్టేశారో చూసేవాళ్ళకి తెలిసేట్టు లేదు.

పదింటికి పశువుల డాక్టరమ్మ వచ్చింది. గిట్టలు కోసింది, మందు తాగించింది, పుళ్ళు కడిగింది. తరవాత కొలతలమ్మ వంక తిరిగి వేలు చూపించి మరీ చెప్పింది.

"అమ్మా, బాగా వినండి. పస్తులున్న ఒళ్ళు ఇది. జాలిపడి ఒక్కసారే కడుపునిండా పెట్టారంటే ప్రాణం పోతుంది. రెండేసి గంటలకి ఒక గుప్పెడు ఎండుగడ్డి, అంతే. గింజలొద్దు, పళ్ళొద్దు, ఇంకెవర్నీ పెట్టనివ్వొద్దు. ఏమరుపాటు పనికిరాదు. భయపడుతూనే ఉండాలి మీరు."

కొలతలమ్మకి కళ్ళు చెమర్చాయి. యాభై రెండేళ్ళ జీవితంలో చదువుకున్న మనిషి ఒకరు తనని భయపడమని సలహా ఇవ్వడం అదే మొదటిసారి.

"రోజూ పొద్దున్నే ముందుకాళ్ళ వెనకనుంచి మూపు మీదుగా కొలవండి. టేపుందా?"

మెడలోది చూపించింది.

"బావుంది. పదిహేను రోజులూ ఈ ఒక్క టేపుతోనే కొలవండి. మార్చారంటే లెక్క తప్పుతుంది. నేను క్యాంపుకి వెళ్తున్నాను, ఆఖరి రోజుకి వస్తాను. ఏదైనా ఉంటే ఫోన్ చెయ్యండి."

కొలిచారు. యాభై నాలుగు. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి కొలతలమ్మ పైన పేరు రాయాల్సిన చోట 'గుర్రం' అని రాసింది. అంతకంటే చనువు తీసుకోలేదు.

షెడ్డులో సగం ఖాళీ చేసి ఎండుగడ్డి పరిచారు. మిగతా సగంలో కుట్టుమిషన్, గుడ్డల తానులు, మధ్యలో ఒక వెదురుకర్ర అడ్డం. గుర్రం గోడవైపు తిరిగి తల దించుకుని నిలబడింది. గడ్డి ముందు పెడితే నములుతుంది, నీళ్ళు పెడితే తాగుతుంది, పిలిస్తే పలకదు. చెవులు కూడా కదపదు.

మూడో రోజు పొద్దున్న కొలుస్తుండగా, వేలాడుతున్న టేపు కొస గుర్రం మూతికి తగిలింది. అది పెదవి చాపి, ఎంతో మర్యాదగా, ఆ కొస అందుకుంది. కాసేపు ఆలోచించింది. తరవాత లాగింది.

కొలతలమ్మ దాని దవడ పట్టుకోబోయింది. మింగేస్తుందేమో, గొంతుకి అడ్డం పడుతుందేమో! కానీ అది మింగలేదు. కొస తీసుకెళ్ళి నీళ్ళతొట్టిలో ముంచింది. తడిపి, మళ్ళీ లాగింది. రెండో కొస కొలతలమ్మ చేతిలోనే ఉండిపోయింది. వదిలితే అలుగుతుందేమోనని గట్టిగా పట్టుకుంది. అప్పుడు గుర్రం మొదటిసారి తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూసింది. ఎవరూ లేని ఇంట్లో ఎవరో దీపం వెలిగించినట్టయింది.

ఇక రోజూ అదే. తెల్లవారే వేళకి, మంచు ఇంకా గేటు మీదే కూర్చుని ఉండగా, కొలతలమ్మ వెళ్ళి కొలిచేది. కొలిచాక టేపు ఒక కొస గుర్రం నోట్లో, ఒక కొస ఆవిడ చేతిలో. అటు లాగడం, ఇటు లాగడం, మధ్యలో నీళ్ళతొట్టిలో ఓ మునక. గుర్రం ముక్కులోంచి వచ్చే ఆవిరి, ఆవిడ నోట్లోంచి వచ్చే ఆవిరి కలిసి షెడ్డు కప్పు దాకా వెళ్ళి ఎటో పోయేవి. ఆ పావుగంట సేపు కొలతలమ్మకి స్టవ్ గుర్తొచ్చేది కాదు. లోయలు గుర్తొచ్చేవి కావు.

ఆట అయ్యాక టేపు ఎండలో ఆరేసి, ఆరాక అదే మెడలో వేసుకుని యూనిఫారాలకి గుడ్డ కత్తిరించేది. మిషన్ చప్పుడు మొదలవగానే గుర్రం గోడవైపునుంచి ఇటు తిరిగేది. కళ్ళు సగం మూసి, కింది పెదవి వేలాడేసి, మిషన్ వేగానికి తగ్గట్టు మెల్లగా ఊగేది. ఖాకీ గుడ్డ మీద ఎండ పడి, షెడ్డంతా తేనె పోసినట్టుండేది. జేబులు కుడుతూ కొలతలమ్మ కూడా ఊగేది. ఒక్కోసారి ఇద్దరూ కలిసి ఎటో వెళ్ళిపోయి, దారం తెగితే గానీ తిరిగొచ్చేవారు కాదు.

నాలుగో రోజు పొద్దున్న టేపు యాభై మూడున్నర చెప్పింది.

కొలతలమ్మ రెండోసారి కొలిచింది. యాభై మూడున్నరే. వెంటనే డాక్టరమ్మకి ఫోన్.

"తింటోందా?"

"తింటోందండీ."

"పేడ సరిగా వేస్తోందా?"

"ముచ్చటగా వేస్తోందండీ."

"మరింకేం? టేపు మార్చలేదు కదా?"

"అయ్యో, ప్రాణం పోయినా మార్చనండీ!"

"అయితే గాభరాపడకండి."

గాభరాపడొద్దన్న మాట వినగానే కొలతలమ్మకి అసలు గాభరా మొదలైంది. ఏడో రోజుకి యాభై మూడు. చూడబోతే ఎముకలు కాస్త కప్పబడ్డట్టే ఉంది, ఒళ్ళు కాస్త నున్నబడ్డట్టే ఉంది. కానీ కళ్ళు తల్లివి, కళ్ళు అబద్ధం చెప్తాయి. టేపు చెప్పదు. ఇదేదో లోపల్నుంచి తినేసే జబ్బు. అలాంటి జబ్బు అయితే ఇంట్లోవాళ్ళకి అంటుకోకుండా ఉంటుందా?

మొగుడు స్నానం చేసి వస్తుంటే తలుపు దగ్గర పట్టుకుని నడుముకి టేపు చుట్టింది. పుస్తకంలో నలభై రెండు. ఇప్పుడు నలభై ఒకటి.

"ఏవండీ..." అని గోడకి జారగిలబడింది.

ఆయన మాత్రం అద్దం వైపు పరుగెత్తాడు. పొట్ట తగ్గించమని ఆయనకి వాళ్ళ డాక్టరు ఆరేళ్ళుగా చెప్తున్నాడు. "చూశావా! సాయంత్రాలు వీధి చివరిదాకా నడుస్తుంటే ఎగతాళి చేశావు. అంగుళం!"

"మరి ప్యాంటు ఎప్పట్లాగే బిగుతుగా ఉందేంటండీ?"

"నువ్వు వేడినీళ్ళలో నానబెడితే ముడుచుకోదూ? నన్నని లాభం లేదు, ఇవాళ ఇంకో రెండు ముద్దలు ఎక్కువ వడ్డించు."

కూతుర్ని కొలిచింది. అదీ తగ్గింది. తనని తాను కొలుచుకుంది. తనూ తగ్గింది. ఇల్లు ఇల్లంతా గుర్రంతో పాటు కరిగిపోతోంది.

"అమ్మా, నువ్వు నిద్రపోవడం లేదు, అందుకే తగ్గావు. నేను పన్నెండు గంటలు స్టీరింగు తిప్పుతున్నాను, అందుకే తగ్గాను. గుర్రానిదేం తప్పు?" అంది కూతురు.

"మీ నాన్న ఏం తిప్పుతున్నారే?"

కూతురు క్యారేజీ అందుకుని డ్యూటీకి బయల్దేరింది.

విషయం గడప దాటకూడదని కొలతలమ్మ మొగుడితో ఒట్టు వేయించుకుంది. ఆయన ఒట్టు నిలబెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పలేదు. గడియారాల కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చొక్కా ఎత్తి పొట్ట చూపించాడంతే. అడిగితే, ఇంట్లో గుర్రం ఉందని మాత్రం అన్నాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "వదినగారూ, ఒక్కసారి నన్ను కొలుస్తారా?"

"ఇప్పుడెందుకండీ?"

"నిన్న మీ గుర్రం ముక్కు నిమిరాను కదా!"

పుస్తకంలో టీచరమ్మ నడుము ముప్పై ఎనిమిది. టేపు ముప్పై ఆరున్నర చెప్పింది. కొలతలమ్మ మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, మీక్కూడా అంటుకుందండీ! ఈ పాపం నాదే. చేతులు కడుక్కోండి, డాక్టరుకి చూపించుకోండి..."

టీచరమ్మ ఆ మాటల్లో ఒక్కటీ వినలేదు. "ఒక్క నిమిషం నిమిరినందుకే అంగుళమున్నర! పావుగంట నిలబడితే?" అని గేటు చుట్టూ తిరిగి రావడం దండగని గోడే దూకేసింది.

మర్నాటినుంచి పెరట్లో వరస మొదలైంది. వీధిలో లావుగా ఉన్నవాళ్ళు, లావవుతామని భయపడేవాళ్ళు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు. ఒకావిడ గుర్రం పక్కన కుర్చీ వేసుకుని కూరలు తరుక్కుంది. ఒకాయన దాని వీపుకి వీపు ఆనించి పేపరు చదివాడు. కొలతలమ్మ పుస్తకంలో అందరి పాత కొలతలూ ఉన్నాయి, అందరూ తగ్గారు. తగ్గిన ఆనందంలో ఇంటికెళ్ళి హాయిగా తిన్నారు, తిని మళ్ళీ వచ్చి కొలిపించుకుని ఇంకా తగ్గారు. ఊరికే రావడం బావుండదని వచ్చేటప్పుడు గుర్రానికి క్యారెట్లు, అరటిపళ్ళు, రొట్టెలు పట్టుకొచ్చారు.

అక్కడే కొలతలమ్మ పులైపోయింది. చెక్క స్కేలు పుచ్చుకుని వెదురుకర్ర ముందు నిలబడింది. "పెట్టకండమ్మా, మీకు పుణ్యం ఉంటుంది! కడుపునిండితే చచ్చిపోతుందది!"

"ఒక్క అరటిపండుకే చస్తుందా, చోద్యం కాకపోతే!"

"చస్తుందంటే చస్తుంది! స్కేలు తగిలిందంటే నన్ననకండి!"

రెండేసి గంటలకి గుప్పెడు గడ్డి, అదీ తన చేతులతోనే. తెచ్చిన క్యారెట్లన్నీ మొగుడు తిన్నాడు.

మధ్యాహ్నాలు జనం పలచబడ్డాక మిషన్ మీద తల వాల్చి ఓ కునుకు తీసేది. ఆ కునుకులో ఒకటే కల. మబ్బు సన్నబడి, ఇంకా సన్నబడి, బూడిదరంగు దారమై గాలిలో తేలుతుంటుంది. తను సూది పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ దారం చప్పుడు లేకుండా సూది బెజ్జంలోంచి దూరి, అటువైపు పచ్చటి మైదానంలోకి వెళ్ళిపోతుంది. ముడి వెయ్యడం మరిచిపోయానే అనుకుంటూ ఉలిక్కిపడి లేచేది. లేచి చూస్తే మబ్బు ఎదురుగా నిలబడి, వెదురుకర్ర మీదుగా మెడ చాపి, ఆవిడ జడ కొస నములుతూ ఉండేది. కలలో దాన్ని పేరు పెట్టే పిలిచానని అప్పుడు గుర్తొచ్చి భయపడేది.

పన్నెండో రోజున యూనిఫారాలు ఆఫీసుకి పంపేసింది. ఇన్‌స్పెక్టరుగారివి అన్నిటికంటే ఆఖర్న, అన్నిటికంటే శ్రద్ధగా కుట్టింది. ఆయన చేతిలో గుర్రం ప్రాణం ఉంది మరి.

పదిహేనో రోజు పొద్దున్న మంచు విడకముందే గేటు బయట వ్యాను ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. కొత్త యూనిఫారంలో ఉన్నాడు. ఎడమచేత్తో ప్యాంటు నడుము గుప్పిట పట్టుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర రెండు మడతలు పెట్టినా అంచులు నేలని ఊడుస్తున్నాయి. చొక్కా చేతుల్లోంచి వేళ్ళ చివర్లు మాత్రం బయటికి చూస్తున్నాయి.

"దూరంగా ఉండమ్మా! దాన్ని ముట్టుకోకండి ఎవరూ!"

"ఏమైంది సార్?" అంది డ్యూటీకి సెలవు పెట్టి ఉన్న కూతురు.

"ఏమైందా? ఆ రోజు దీని మెడ తట్టాను నేను. ఇప్పుడు చూడు! నడుము రెండంగుళాలు పోయింది. మా డ్రైవరు దాన్ని దూరం నుంచి చూశాడు, అంగుళం పోయింది. మా గుమాస్తా అసలు చూడనే లేదు, మీ కాయితం మీద స్టాంపు వేశాడంతే, అరంగుళం పోయింది. కాయితం ద్వారా కూడా అంటుకుంటోంది! ఆఫీసంతా ప్యాంట్లు పట్టుకుని తిరుగుతున్నారమ్మా. దీన్ని ఊరవతల ఒంటరిగా కట్టేయించాలి."

"ఒంటరిగానా? అక్కడ మేతెవరు పెడతారు?" కొలతలమ్మ గుర్రం జూలు పట్టుకుంది.

"ముట్టుకుంటే మనిషే మిగలడు, ఇంక మేత మాటెందుకు?"

అప్పటికే వరసలో నిలబడి ఉన్న వీధివాళ్ళు గొల్లుమన్నారు. "మాకింకా తగ్గాల్సింది ఉంది సార్! కనీసం ఇంకో వారం ఉంచండి!" అని టీచరమ్మ అడ్డం నిలబడింది. ఇన్‌స్పెక్టరు రెండో చెయ్యి ఎత్తి అందర్నీ ఆపాడు. ఒకటో చెయ్యి ఎత్తే పరిస్థితిలో లేడు.

"రూలు ప్రకారం ముందు కొలవండి. అంగుళం పెరిగుంటే ఆలోచిద్దాం."

కొలతలమ్మ టేపు తీసింది. మబ్బు చెవులు నిక్కబొడుచుకుని, ఆటకే వచ్చిందనుకుని, తోక ఊపింది. ముందుకాళ్ళ వెనకనుంచి మూపు మీదుగా చుట్టింది. అంకె ఆవిడకొక్కదానికే కనపడుతుంది. యాభై అయిదు అని ఒక్కమాట అంటే చాలు, ఎవరూ వంగి చూడరు. ముప్పై ఏళ్ళలో కొలత అబద్ధం చెప్పింది లేదు. లావైనవాళ్ళు బతిమాలినా చెప్పలేదు. మబ్బు ముక్కు వెచ్చగా ఆవిడ మెడకి తగిలింది. 'యాభై' అంది. ఆ తరవాత ఎంత ప్రయత్నించినా 'అయిదు' రాలేదు.

"యాభై... రెండున్నర," అని ఏడ్చేసింది.

కూతురు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు వ్యాను తలుపు తియ్యమని సైగ చేశాడు.

"సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క వారం..."

"వారం తరవాత పట్టుకోవడానికి కాళ్ళుండాలి కదమ్మా! నడుమొక్కటే అయితే సర్దుకుపోయేవాణ్ణి. పొట్టి కూడా అయిపోతున్నాను! మొన్నటికీ ఇవాళ్టికీ కాళ్ళు రెండంగుళాలు తగ్గాయి. చేతులు చూడండి, అరచేతులు కనపడుతున్నాయా?"

"ఏమన్నారు?"

గేటు దగ్గర్నుంచి ఆ మాట అన్నది డాక్టరమ్మ. క్యాంపునుంచి తిన్నగా వచ్చినట్టుంది, సంచీ ఇంకా భుజాన్నే ఉంది. "పొట్టి అవుతున్నారా?"

"అవునండీ. లోపల్నుంచి తినేస్తోంది."

"ఏ జబ్బుకైనా కండ తగ్గుతుంది గానీ, కాళ్ళ పొడుగు తగ్గుతుందా ఇన్‌స్పెక్టరుగారూ? ఆ ప్యాంటు ఎవరు కుట్టారు?"

అందరూ కొలతలమ్మ వైపు తిరిగారు. ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి టేపు వదిలింది. వదిలిన కొస మబ్బు అందుకుంది. అలవాటు కొద్దీ ఆవిడ రెండో కొస పట్టుకుంది. మబ్బు కొసని నీళ్ళతొట్టిలో ముంచి, తీసి, బలం కొద్దీ లాగింది. ఎన్నాళ్ళనుంచో ఆడుతున్న ఆట, ఇద్దరూ చక్కగా ఆడారు.

డాక్టరమ్మ ఆ ఆటని చివరిదాకా చూసింది. "రోజూ ఇలాగేనా?"

"దానికి ఇష్టమండీ," అంది కొలతలమ్మ బిక్కమొహం వేసి.

డాక్టరమ్మ సంచీలోంచి ఇనుప టేపు తీసి బల్ల మీద పరిచింది. దాని పక్కన పసుపుపచ్చ టేపు పరిచింది. పసుపుపచ్చది అరవై దగ్గర ఆగిన చోట ఇనుపది అరవై మూడున్నర చెప్పింది. పెరట్లో అందరూ బల్ల మీదకి వంగారు. మంచు కూడా కాస్త పక్కకి తప్పుకుని చూసినట్టనిపించింది.

"టేపు మార్చొద్దన్నాను. నాదే తప్పు. గుర్రం మార్చేస్తుందనుకోలేదు," అంది డాక్టరమ్మ.

ఇనుప టేపు మబ్బు చుట్టూ తిరిగి యాభై అయిదున్నర దగ్గర ఆగింది.

కూతురు గుర్రం మెడని కావలించుకుంది. కొలతలమ్మ నేల మీదే కూర్చుండిపోయింది. పదిహేను రోజులు భయపడిందంతా ఒట్టిదే అయింది. ఒక్క భయం లేకుండా నమ్మింది, ఆఫీసువాళ్ళు ఏడాదిలో పెరగరు, తరగరన్నది, అదే నిజమైంది. అరచేతులు కనపడని ఇన్‌స్పెక్టరుకి ఆవిడ చేతులు జోడించింది.

"పన్నెండు జతలూ విప్పి కుడతానండి. ముందు మీవే."

"ముందు ఒక పిన్నీసు ఇవ్వమ్మా," అన్నాడాయన. పిన్నీసు పెట్టుకున్నాక, రెండు చేతులూ ఖాళీ అయిన మనిషి మొహంలో ఉండే శాంతితో కాయితం మీద రాశాడు: 'గుర్రం కోలుకున్నది. టేపు కోలుకునేలా లేదు.'

ఇనుప టేపు పక్కన పెట్టబోతుంటే టీచరమ్మ ధైర్యం చేసి అడిగింది. ముప్పై తొమ్మిది. ఆవిడ ఇంటికి గోడ దూకకుండా గేటులోంచే వెళ్ళింది. కొలతలమ్మ మొగుడిది నలభై మూడున్నర. క్యారెట్లు ఒళ్ళు చేస్తాయని తనకెవరూ చెప్పలేదని ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం కొలతలమ్మ పుస్తకం తీసి 'గుర్రం' అన్న మాట కొట్టేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో 'మబ్బు' అని రాసింది. మర్నాడు కొత్త టేపు కొనుక్కుంది. మబ్బు దాన్ని ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. దాంతో పాతది షెడ్డులో మేకుకి తగిలించక తప్పలేదు. ఇప్పటికీ మంచు పొద్దుల్లో ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతూనే ఉంటారు. లాగడం అయ్యాక, ఊరికే, కొలతలమ్మ దాంతో ఒకసారి కొలిచి చూస్తుంది.

ఆ టేపు లెక్క ప్రకారం ఇంకో రెండేళ్ళకి గుర్రం పూర్తిగా మాయమైపోవాలి.